గట్టు మీది పైలట్

వరి మడికి ఈ గట్టున ఒకడు, ఆ గట్టున ఇంకొకడు. ఇటువైపు వాడి మెడలో రిమోట్ పెట్టె, వేళ్ళ కింద రెండు పుల్లలు. అటువైపు వాడి పని, హెలికాప్టరు తన గట్టు దాకా రాగానే కేకేసో చెయ్యి ఊపో చెప్పడం. ఇవతల నిలబడ్డవాడి కంటికి యంత్రం మడి చివరే ఉందో, మడి దాటి పక్కింటి పెరట్లోకి పోయిందో అందదు కదా. 1980ల చివర్లో జపాన్ పల్లెల్లో మొదలైన దృశ్యం ఇది. డ్రోన్ పైలట్ అనే వృత్తికి పుట్టిల్లు వెతకాలంటే సైనిక స్థావరాల దాకా పోనక్కర్లేదు. ఈ రెండు గట్ల మధ్య చూస్తే చాలు.

జపాన్‌లో 1958 నుంచే మనుషులు ఎక్కి నడిపే హెలికాప్టర్లతో వరికి మందు చల్లేవారు. అయితే అక్కడివి చిన్న కమతాలు. ఇళ్ళు పొలాల్ని ఆనుకునే ఉంటాయి. పైనుంచి పోసిన మందు ఎవరి బావిలో పడుతుందో చెప్పలేం. పైగా కుర్రకారు పట్నాల దారి పట్టి, సేద్యమంతా ముసలివాళ్ళ మీద పడుతున్న కాలం. 1983లో అక్కడి వ్యవసాయ విమానయాన సంఘం యమహా మోటార్ కంపెనీని అడిగింది: మనిషి ఎక్కనక్కర్లేని మందు హెలికాప్టరు చేసి పెట్టగలరా అని. నాలుగేళ్ళకు, 1987లో, ఆర్-50 వచ్చింది. 20 కిలోల బరువు మోసేది.

నడపడం మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. హెలికాప్టరు తోక మన వైపు ఉన్నంతసేపు ఎడమ ఎడమే, కుడి కుడే. ముక్కు మన వైపు తిరిగిందంటే అంతా తారుమారు. కుడికి పుల్ల నొక్కితే యంత్రం మన కంటికి ఎడమకు పోతుంది. గాలి తోసినప్పుడల్లా సరిచెయ్యాలి, ఎత్తు తగ్గకుండా చూడాలి, మందు సమంగా పడేలా వేగం ఒక్కలాగే ఉంచాలి. ఇన్ని పనులూ వేళ్ళే చూసుకోవాలి. ఆలోచించి చేద్దామనుకునేలోపు యంత్రం బురదలో ఉంటుంది. బొమ్మ హెలికాప్టర్లతో ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళకే పట్టుబడే విద్య అది.

ఈ తలనొప్పి తగ్గించడానికి యమహా 1995లో హెలికాప్టరు తన ఒరుగు తానే సరిచేసుకునే పరికరం తెచ్చింది. 1997లో ఆర్‌మ్యాక్స్ అనే పెద్ద యంత్రం, 2003 నాటికి దానికి జీపీఎస్ తోడు. పుల్లలు వదిలేసినా అది గాలిలో ఉన్నచోటే నిలబడుతుంది. మధ్యలో 2000లో హొక్కైదో దీవిలో ఉసు అగ్నిపర్వతం బద్దలైనప్పుడు, మనిషి దగ్గరికి వెళ్ళలేని చోటికి ఆర్‌మ్యాక్స్ తనంతట తానే వెళ్ళి ఫోటోలు తీసుకొచ్చింది.

ఆ తర్వాత జరిగింది లెక్క ప్రకారం చూస్తే తలకిందులుగా ఉంటుంది. యంత్రానికి తెలివి పెరిగితే మనిషి అవసరం తగ్గాలి. జపాన్‌లో మాత్రం యంత్రం నిలదొక్కుకోవడం నేర్చుకున్నాకే నడిపేవాళ్ళు పెరిగారు, పదివేలు దాటారు. పదిమందికీ పట్టుబడని విద్యను యంత్రం సగం తన నెత్తికెత్తుకుంది కాబట్టి, మిగతా సగం మామూలు రైతు కూడా నేర్చుకోగలిగాడు. డ్రోన్ పైలట్ కథంతా ఈ ముడి చుట్టూనే తిరుగుతుంది. అతనికి ఉద్యోగం ఇచ్చిందీ, ఇప్పుడు ఆ ఉద్యోగానికి గండిపెడుతున్నదీ ఒకటే: యంత్రం లోపలి ఆ చిన్న మెదడు.

నిజానికి ఆ మెదడు డ్రోన్ల కంటే పాతది. 1914 జూన్ 18న పారిస్ దగ్గర సేన్ నది మీద లారెన్స్ స్పెరీ అనే అమెరికన్ కుర్రాడు విమానం నడుపుతూ రెండు చేతులూ పైకెత్తి జనానికి చూపించాడు. తోడు వచ్చిన మెకానిక్ రెక్క మీదికి పాకాడు. గిర్రున తిరిగే జైరోస్కోపులే విమానాన్ని ఒరగకుండా పట్టుకున్నాయి. గట్టున ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కాక్‌పిట్లలో దాని ఫలితం మెల్లగా, దశాబ్దాల మీద తెలిసింది. ముందు రేడియో ఆపరేటరు దిగిపోయాడు, తర్వాత దారి లెక్కలు కట్టే నావిగేటరు. 1989లో బోయింగ్ 747-400 వచ్చేసరికి ఫ్లైట్ ఇంజనీరు కుర్చీ కూడా పోయింది. మిగిలినవాళ్ళు ఇద్దరు.

డ్రోన్ అన్న పేరుదీ ఒక ముచ్చట. 1935లో బ్రిటన్ తన ఫిరంగుల గురి సాధన కోసం మనిషి లేకుండా రేడియోతో నడిచే విమానం తయారుచేసి ‘క్వీన్ బీ’, అంటే రాణి ఈగ అని పేరు పెట్టింది. దాని మీది వరసలోనే ఇలాంటి యంత్రాలకు డ్రోన్ అనే పేరు స్థిరపడిందంటారు. డ్రోన్ అంటే పోతుటీగ. తేనెపట్టులో తేనె తేదు, కాపలా కాయదు, కూలి ఈగలు తెచ్చింది తిని కూర్చుంటుంది. ఎకరాలకు ఎకరాలు మందు కొట్టే యంత్రానికి ఆ పేరు పడడం కాస్త అన్యాయమే.

2010ల నాటికి ఫోన్ల పుణ్యమా అని జైరోలు, దిక్సూచులు గోరంత చిప్పుల్లోకి దిగి, చవకయ్యాయి. నాలుగు ఫ్యాన్ల డ్రోన్ జనం చేతికి వచ్చింది అక్కడే. 2013లో చైనా కంపెనీ డీజేఐ ఫాంటమ్‌ను మార్కెట్లోకి వదిలింది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నాలుగు మోటార్ల వేగాన్ని సెకనుకు వందలసార్లు మారిస్తే తప్ప ఈ యంత్రం గాలిలో నిలవదు. అది ఏ మనిషి వేళ్ళకూ సాధ్యం కాదు. కాబట్టి పూర్తిగా మనిషే నడిపే నాలుగు ఫ్యాన్ల డ్రోన్ అంటూ ఏనాడూ లేదు. పైలట్ పుల్ల నొక్కినప్పుడు యంత్రాన్ని తిప్పడం లేదు. ఇటు వెళ్తావా అని అడుగుతున్నాడు, అంతే.

మన దేశంలో ఆ అడగడం నేర్చుకున్న తొలి తరం ఎక్కడిదని వెతికితే, పెళ్ళి పందిళ్ళ దగ్గర దొరుకుతుంది. 2014 అక్టోబరు 7న పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఒక ప్రకటన జారీ చేసి, ప్రైవేటువాళ్ళెవరూ డ్రోన్లు ఎగరేయరాదంది. 2018 డిసెంబరులో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చేదాకా చట్టం మాట అదే. అయినా ఆ నాలుగేళ్ళలో ఊరేగింపు మీదా, తలంబ్రాల మీదా డ్రోన్ కెమెరా తిరగని ఊరు తక్కువ. వీడియోగ్రాఫర్ తమ్ముడో, అల్లుడో చెట్లకు, షామియానా గుంజలకు తగిలిస్తూ నేర్చుకున్నాడు. లైసెన్సు ఇచ్చేవాడూ లేడు, అడిగేవాడూ లేడు.

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ ఈ చీకటి వృత్తికి వెలుగు చూపాయి. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ళ మధ్య ఉంటే చాలు. గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలో నేర్చుకుని రిమోట్ పైలట్ కావచ్చు. 2022 ఫిబ్రవరిలో లైసెన్సు అన్న మాట కూడా తీసేసి, శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ సరిపోతుందన్నారు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు అదీ అక్కర్లేదు. బేగంపేటలోని తెలంగాణ ఏవియేషన్ అకాడమీలో ఒకప్పుడు విమానం నడపాలనుకునేవాళ్ళే చేరేవారు. ఇప్పుడు డ్రోన్ నేర్చుకునేవాళ్ళూ వస్తున్నారు.

సర్వే పనిలో మార్పు అందరికంటే ముందు కనిపించింది. 2020 ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో పల్లెల్లోని ఇళ్ళ స్థలాలను డ్రోన్లతో కొలిచారు. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వేకు దిగి, అందులోనూ డ్రోన్లు వాడింది. ఈ పనిలో పైలట్ పుల్లలు ముట్టుకునేదే అరుదు. తెర మీద ఊరి చుట్టూ గీత గీస్తాడు, ఎత్తు ఎంతో చెబుతాడు. నాగటి చాళ్ళలా డ్రోన్ తనే పోయి వస్తుంది. దింపడం, ఎక్కించడం, బ్యాటరీ మార్చడం అతని వంతు. సర్వే శాఖలో చైన్‌మన్ అనే కొలువు ఉంది. తెల్లదొరల కాలంలో ఇనుప గొలుసు పట్టుకుని పొలాలు కొలిచినవాడి పేరది. గొలుసు పోయి ఎన్నాళ్ళయినా పేరు పోలేదు. పుల్లలు పోయాక పైలట్ అన్న పేరు ఎన్నాళ్ళుంటుందో చూడాలి.

పొలంలో కథ ఇంకా రసవత్తరం. డ్రోన్ రాకముందు మందు కొట్టిందెవరు? వీపున పంపు కట్టుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని చేలో నడిచిన కూలీ. చేతిపంపుతో ఎకరానికి 150, 200 లీటర్ల నీళ్ళు మోసి పోసేవాడు. డ్రోన్‌కు సుమారు 10 లీటర్లు చాలు. ట్యాంకు ఎక్కిస్తే పది నిమిషాల్లోపే ఎకరం అయిపోతుంది. అంటే ఇవాళ తన ఉద్యోగం పోతుందని బెంగపడే పైలట్, నిన్న ఇంకొకరి కూలి తీసుకునే చేలోకి దిగాడు. ఆ కూలీ పీల్చిన విషం సంగతి గుర్తుంటే, ఆ పని పోయిందని కన్నీళ్ళు పెట్టుకోవడమూ కష్టమే.

2023 నవంబరులో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకానికి 1,261 కోట్లు మంజూరు చేసింది. మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని, ఖరీదులో 80 శాతం, 8 లక్షలు మించకుండా సాయం చెయ్యాలని నిర్ణయం. 2024 మార్చి 11న ఒక్కరోజే 1,000 డ్రోన్లు అందజేశారు. శిక్షణ 15 రోజులు. అందులో ఎగరేయడానికి కేటాయించింది 5 రోజులే, మిగతా 10 రోజులూ మందులు, ఎరువులు చల్లే పని గురించి. ఆర్-50 నడిపిన జపాన్ వాడు వింటే నోరు తెరిచేవాడు. ఐదు రోజుల్లో పైలట్ తయారయ్యేది ఆ సంఘం మహిళ వేళ్ళకు మహిమ ఉండి కాదు, తక్కువ ఉండీ కాదు. వేళ్ళతో చెయ్యాల్సిన పని అప్పటికే చిప్పులోకి వెళ్ళిపోయింది. ఈ రోజు మందు డ్రోన్ పని తీరు చూడండి: పొలం హద్దులు గుర్తించి, ఆటోలో పెట్టి, నొక్కితే చాలు. ట్యాంకు ఖాళీ అయితే తిరిగొస్తుంది. నింపి పంపితే ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే మళ్ళీ మొదలెడుతుంది.

పుల్లలు పూర్తిగా ఎత్తేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే రువాండా వెళ్ళాలి. జిప్‌లైన్ కంపెనీ 2016 అక్టోబరులో ముహంగా నుంచి ఆసుపత్రులకు రక్తం చేరవేయడం మొదలుపెట్టింది. చిన్న విమానంలాంటి యంత్రాన్ని వడిసెల రాయిలా విసురుతారు. అది కొండలు దాటిపోయి, ఆసుపత్రి ఆవరణలో పొట్లాన్ని పారాచూట్‌తో జారవిడిచి, వెనక్కి తిరిగొస్తుంది. పుల్ల పట్టి నడిపేవాడు ఎవడూ లేడు. మనుషులు లేరా అంటే బోలెడంతమంది. రక్తం సంచులు కట్టేవాళ్ళు, బ్యాటరీలు బిగించేవాళ్ళు, ఫోన్ కెమెరాతో రెక్కల కదలిక సరిచూసేవాళ్ళు, తెర ముందు ఆకాశాన్ని కనిపెట్టేవాళ్ళు. అందరూ స్థానిక యువతే. వాళ్ళ పనికి పైలట్ పేరు సరిపోదు. మన దగ్గర 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో మొదలైన ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ కూడా ఆ దారి పట్టిన ప్రయోగమే: కంటిచూపు దాటిన దూరానికి డ్రోన్‌తో టీకాలు, మందులు పంపడం.

అమెరికాలో ఈ మార్పు చట్టం భాషలోకే ఎక్కుతోంది. 2016 ఆగస్టులో అమల్లోకి వచ్చిన పార్ట్ 107 నిబంధనలు తిరిగేది పైలట్ చుట్టూనే. పరీక్ష రాయాలి, డ్రోన్ కళ్ళెదుట ఉండాలి, ఒకరు ఒకేసారి ఒక్క డ్రోనే నడపాలి. ఆ పరీక్ష పాసై వేలమంది పైకప్పుల ఫోటోలు తీస్తూ, సెల్ టవర్లు పరీక్షిస్తూ బతుకుతెరువు చూసుకున్నారు. 2021 జనవరిలో ఒక కంపెనీకి, దగ్గర మనిషి లేకుండానే డ్రోన్ ఎగరేసుకునే అనుమతి దక్కింది. డ్రోన్ ఒక పెట్టెలోంచి లేచి, పని చూసుకుని, మళ్ళీ పెట్టెలోకే దిగి చార్జింగ్ పెట్టుకుంటుంది. 2025 ఆగస్టులో ప్రతిపాదించిన పార్ట్ 108లో బాధ్యత పైలట్ నుంచి కంపెనీ మీదికి జరిగింది. అందులో కనిపించేది ఒక పర్యవేక్షకుడు, ఒక సమన్వయకర్త. పైలట్ సర్టిఫికెట్ ఊసు లేదు.

ఒకరికి ఒకటే డ్రోన్ అనే లెక్క ఎంత పాతబడిందో విజయవాడ కళ్ళారా చూసింది. 2024 అక్టోబరు 22 రాత్రి కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు లేచి బొమ్మలు కట్టాయి. ఐదు గిన్నిస్ రికార్డులు వచ్చాయి. 5,500 మంది పైలట్లు ఎక్కడా లేరు. నడిపింది కంప్యూటర్లో ముందే రాసిపెట్టుకున్న ఆట. దానికి నెలన్నర ముందు అదే ఊళ్ళో బుడమేరు పొంగినప్పుడు డ్రోన్లు ఇంకోలా ఎగిరాయి. నీట మునిగిన కాలనీల్లో మేడల మీద చిక్కుకున్నవాళ్ళకు అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు మోశాయి. కరెంటు తీగలు, కేబుల్ వైర్లు అల్లుకున్న సందుల్లో, ఏ మేడ మీద చేతులు ఊపుతున్నారో చూసి దించే పని అది. ముందే రాసిపెట్టుకున్న ఆట అక్కడ పనికిరాదు.

పొలాల్లోనూ అలాంటి సందులు ఉన్నాయి. బోరు మోటారుకు కర్రల మీద లాగిన కరెంటు తీగ ఏ పటంలోనూ ఉండదు. నిన్న లేనిది ఇవాళ ఉంటుంది. హిందూపురం, మడకశిర వైపు పక్క చేలో మల్బరీ ఉంటే, గాలికి కొట్టుకుపోయిన నాలుగు చుక్కల మందు చాలు, ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చచ్చిపోవడానికి. అందుకే ముందుగా ఇరుగుపొరుగుకు చెప్పాలి, గాలి ఎటు వీస్తుందో చూడాలి, అవసరమైతే ఇవాళ వద్దనాలి. ఈ వద్దనడం ఇంకా ఏ డ్రోన్‌కూ సరిగ్గా రాలేదు.

డ్రోన్ దీదీ పథకంలో సంఘం నుంచి ఎంచుకునేది ఇద్దరిని. ఒకరు పైలట్. రెండోవారు సహాయకులు. ఆ రెండో మనిషికి కరెంటు సామాను బాగుచేయడం, బిగింపు పనులు, మెకానిక్ పని మీద ఆసక్తి ఉండాలని నిబంధనల్లోనే రాశారు. చేలో వీళ్ళను చూస్తే మొదటివారి చేతిలో రిమోట్, రెండోవారి చేతిలో స్పానరు, మందు డబ్బా. డ్రోన్ పైకి లేచి ఆటోలో పడ్డాక రిమోట్ పట్టినవారు తెర చూస్తూ నిలబడతారు. రెండోవారు వంగి తర్వాతి ట్యాంకుకు మందు కలుపుతూ ఉంటారు.