ఓదార్చు కళలు

కరీంనగరపు పల్లెలలో ఒక ఇంట మరణము సంభవించినప్పుడు, దినకర్మ నాడు ఒగ్గు కథ చెప్పించు ఆచారము కలదు. ఇంటిముందు పందిరి వేసి చాపలు పరతురు. డోలు మ్రోగును, తాళములు కలియును. కథకుడు కాలిగజ్జెలు ఘల్లుమనగా దేవతను స్తుతించి కథ నెత్తుకొనును. కథ సాగుచుండగా నడుమ ఒకచోట ఆగి, గొంతు మార్చి, చనిపోయిన మనిషి పేరు తలచును. ఆ మనిషి ఏ ఇంట పుట్టి, ఎన్ని కష్టములకోర్చి, ఎవరెవరిని పెంచి పెద్ద చేసినదీ పాటగా అల్లును. పెద్దకొడుకును పేరుపెట్టి పిలుచును, బిడ్డను పిలుచును, ఇల్లాలిని పిలుచును. పది దినములుగా పనులలో మునిగి, వచ్చిన బంధువులకు మర్యాదలు చేయుచు, కన్ను తడిగాని కొడుకు ఆ పిలుపు వినగానే బావురుమనును. వాని వెంట పందిరి అంతయు ఏడ్చును. పిదప డోలు మరల మ్రోగును. కథ ముందుకు పోవును. మంగళహారతితో ముగియును. అందరును లేచి కలిసి భోజనము చేయుదురు.

ఇది వినోదమా? కర్మకాండలో ఒక భాగమా? లేక చికిత్సయా? ఈ ప్రశ్న మాకు కలుగుటకు కారణము కలదు. దుఃఖము, భయము, మానసిక వ్యథ పట్టి పీడించువారికి చిత్రలేఖనము, సంగీతము, నృత్యము, నాటకము, కవిత్వము అను కళల ద్వారా సాయపడు విద్య యొకటి గత శతాబ్దిలో ప్రపంచమున వెలసినది. దానిని ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ అందురు. మనము భావకళాచికిత్స అని చెప్పుకొనవచ్చును. ఒక్క కళతో ఆగక, ఒకదానినుండి మరియొకదానికి సాగుట దీని ప్రత్యేకత. బొమ్మ గీసినవాడు ఆ బొమ్మకు ఒక కదలిక నిచ్చును; ఆ కదలికనుండి ఒక మాట పుట్టును; ఆ మాట పాట యగును. ఈ విద్య చరిత్రను, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు కళల చరిత్రను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట ఈ ప్రసంగ విషయము.

మొదట బయటి చరిత్రను చూతము. 1938లో ఆడ్రియన్ హిల్ అను ఆంగ్ల చిత్రకారుడు క్షయవ్యాధితో ఇంగ్లండులోని మిడ్‌హర్స్ట్ ఆరోగ్యశాలలో చేరినాడు. మంచము దిగరాని స్థితిలో, ఎదుట కనబడు వస్తువులను గీయుచు ప్రొద్దుపుచ్చినాడు. గీయుచున్నంతసేపు మనసు తేలికపడుట గమనించి, తోడి రోగులకు కూడ కుంచె అందించినాడు. యుద్ధములో గాయపడి వచ్చిన సైనికులు వారిలో ఉన్నారు. చిత్రకళాచికిత్స అను అర్థమిచ్చు ఆంగ్లపదమును 1942లో వాడుకలోనికి తెచ్చినవాడు అతడే. అదే సంవత్సరము అమెరికాలో వాషింగ్టన్ నగరపు సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో మేరియన్ చేస్ అను నర్తకి, మాట పలుకని రోగులతో నృత్యము ద్వారా సంభాషింప మొదలిడినది. అంతకు పూర్వమే, 1921లో, వియన్నాలో జేకబ్ మొరెనో అను వైద్యుడు తమ బాధను తామే నాటకముగా ఆడిచూపు పద్ధతికి అంకురార్పణ చేసినాడు. 1944లో మిషిగన్‌లోని ఒక విద్యాలయము సంగీతచికిత్సను పట్టపు చదువుగా ప్రవేశపెట్టినది. 1970ల దశాబ్దములో షాన్ మెక్‌నిఫ్, పావలో నిల్ మొదలగువారు మసాచుసెట్స్‌లోని లెస్లీ కళాశాలలో ఈ పాయలనన్నిటిని ఒక్కచోటికి చేర్చి బోధించినారు. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ కుమార్తె నటాలీ రోజర్స్ 1984లో ఇట్టి శిక్షణకే ఒక సంస్థను నెలకొల్పినది.

ఈ చరిత్రలో ఒక విషయము గమనింపదగినది. వీరిలో పలువురు తమ విద్యను నోరు పెగలనివారి నడుమనే నేర్చుకొన్నారు. బాధను తిన్నగా అడిగినచో జవాబు రాదు. రంగు, తాళము, వేషము అను చుట్టుదారిని పోయినచో వచ్చును. ఆ చుట్టుదారియే ఈ చికిత్సకు మూలసూత్రము.

ఇక మన ప్రాంతమునకు వత్తము. జగిత్యాల, సిరిసిల్లలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైనవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని పట్టణము. అంతకుముందు మూడును కరీంనగరము జిల్లాలోనివే. మానేటి ఒడ్డున నున్న సిరిసిల్ల నేతగాండ్ర పట్టణము. చేతిమగ్గము పోయి మరమగ్గము వచ్చినది. పని దొరకనివారు భివండికి, షోలాపురమునకు వలసపోయినారు. ఉన్నవారికి నూలుధర పెరిగినప్పుడు, గుడ్డ అమ్ముడు పోనప్పుడు అప్పులే మిగిలినవి. 1990ల చివరినుండి ఆ పట్టణపు పేరు నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలలో మరల మరల వినబడినది. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల నేతను ఇక్కడి మగ్గములకు అప్పగించినప్పుడు కొంత ఊరట కలిగినది. పని కలిగిన ఊరట అది. మనసులోని వ్యథకు వేరు మందు కావలసి యుండెను.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల కథ వేరు. అక్కడి పురుషులు దుబాయి, మస్కట్టు, సౌదీ దేశములకు కూలికి పోవుదురు. ఇంటనున్న స్త్రీ ఒడిలో చాట పెట్టుకొని తునికాకు చుట్టి బీడీలు చేయును. భర్త రెండు మూడేండ్ల కొకసారి వచ్చును. ఒకప్పుడు మనిషికి బదులు శవపేటిక వచ్చును. అదియును వారముల తరబడి వేచిన పిదప. ఆ వేచియున్న దినములలో ఆమె ఏడ్వవచ్చునా, ఏడ్వరాదా? ఆమెకే తెలియదు.

అప్పుపడిన నేతగాడు పరువు పోవునని చెప్పడు. ఎదురుచూచు స్త్రీ అపశకునమని చెప్పదు. ఇక్కడి జనులు ఈ లోలోపలి కుములుటను "రంది" అందురు. ఆ రందిని బయటికి తీయుటకు ఈ నేలలో ఏ సాధనములున్నవి?

మొదటిది మనము చెప్పుకొన్న ఒగ్గు కథ. ఒగ్గు అనగా శివుని ఢమరుకము. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు దీని ప్రధాన వస్తువు. సిరిసిల్ల జిల్లాలో వేములవాడ చెంతనున్న హన్మాజీపేట వాస్తవ్యుడు, 2010లో కీర్తిశేషుడైన మిద్దె రాములు ఈ కళలో మిక్కిలి ప్రసిద్ధుడు. 1931లో మహాకవి సి. నారాయణరెడ్డి జన్మించిన ఊరును అదియే. మల్లన్న కొలువులలో ఈ కళాకారులు నేలపై "పట్నము" వేయుదురు. బియ్యపుపిండి తెలుపు, పసుపు, కుంకుమ, ఎండుటాకుల పొడి ఆకుపచ్చ. ఈ రంగులతో గొప్ప చిత్రము నేలపై పరచుకొనును. దాని చుట్టును పాట, డోలు, ఆట సాగును. చివరకు ఆ పట్నమును తొక్కి చెరిపివేయుదురు. బొమ్మ, పాట, ఆట, కథ ఒక్కచోట కూడుట ఇక్కడ ఎన్నడో ఉన్నదే.

రెండవది పద్మశాలీల కథాగానము. వారికి కథ చెప్పు కూనపులివారు చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసిన పటమును విప్పి చూపుచు, మార్కండేయుని, భావనాఋషిని గూర్చి గానము చేయుదురు. గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి పట్టించి, ఆరిన పిదప దానిపై బొమ్మలు వేయుదురు. దేవతల మానము కాపాడుటకు తామరతూటి దారముతో వస్త్రము నేసిన భావనాఋషి వంశము తనదని నేతగాడు ఆ పటములో చూచుకొనును. మగ్గము ఆగి, తాను దేనికిని కొరగానని తలచువానికి ఇది చిన్న మాట కాదు.

మూడవది బతుకమ్మ. తంగేడు, గునుగు పూలు పేర్చి, స్త్రీలు చుట్టును తిరుగుచు చప్పట్లతో పాడుదురు. ఒకతె చరణమెత్తును, తక్కినవారు అందుకొందురు. అత్తింటి ఆరళ్ళు, పుట్టింటిపై బెంగ, పోయిన బిడ్డల తలపు ఆ పాటలలో వచ్చును. ఒకతె బాధ పదిమంది గొంతులలో తిరిగి వచ్చునప్పుడు అది ఆమె యొక్కతెదిగా ఉండదు. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు 1956లో తెలుగు జానపద గేయములపై పరిశోధనను సమర్పించిన నాటినుండి ఇట్టి పాటల సాహిత్యవిలువ విద్వాంసులకు తెలిసినదే. ఇక మనము చూడవలసినది, ఆ పాటలు పాడువారికి అవి చేయుచున్న పనిని.

ఇంత చెప్పి, "అన్నియు మన పెద్దలకు తెలిసినవే, క్రొత్త చదువు లెందుకు?" అని తీర్మానించుట మా ఉద్దేశము కాదు. అట్లనుట సత్యమునకు దూరము, ప్రమాదకరము కూడ. ఒగ్గు కథ ఊరందరి ముందు జరుగును. అప్పుల కాగితము మడిచి జేబులో దాచుకొన్న నేతగాని రహస్యము పందిరిలో పాడదగినది కాదు. వానికి తలుపు వేసిన గది కావలెను; విన్నది బయట చెప్పని మనిషి కావలెను. కథకుడు ఒకరాత్రి ఉండి పోవును. చికిత్సకుడు వారము వారము వచ్చును. కథలో ఎవరు ఎప్పుడు ఏడ్వవలెనో సంప్రదాయము నిర్ణయించియున్నది. చికిత్సలో ఏడ్వకుండుటకు కూడ హక్కు కలదు. అన్నిటికంటె ముఖ్యము, బ్రతుకు చాలించవలెనను తలపు కలిగినవానికి మొదట కావలసినది వైద్యుడు. పాట గాని, బొమ్మ గాని వైద్యమునకు తోడుగా నిలుచును. దాని చోటును ఆక్రమింపరాదు. ఆత్మహత్యాయత్నము చేసినవానిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా భావించి ఆదుకొనవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము చెప్పుచున్నది. 2022 అక్టోబరునుండి 14416 అను టెలిఫోను సంఖ్యకు రాత్రింబవళ్ళు ఎవరైనను ఉచితముగా మాటలాడవచ్చును. ఈ సంఖ్యను ఇంటి గోడపై వ్రాసి యుంచుకొనుట మంచిది.

మరి ఈ విద్యను నేర్చుట ఎట్లు? పుస్తకముతో మాత్రము రాదు. నేర్చువాడు ముందుగా తానే మట్టి పిసుకవలెను, రంగు పూయవలెను, తన దుఃఖమును తానే తాళములో వినవలెను. ఇతరులను నడిపించు దారిలో తాను నడచి యుండవలెను. రెండవ పాఠము, అందమును విచారింపకుండుట. గీత వంకరయైనను ఫరవాలేదు. మూడవ పాఠము కష్టమైనది: ఇతరుని బొమ్మకు తాను అర్థము చెప్పకుండుట. నల్లరంగు వేసినాడు గనుక నిరాశలో ఉన్నాడని తేల్చుట తొందరపాటు. ఆ నలుపు వానికి తల్లి జుట్టు కావచ్చును, వర్షమునకు ముందటి మేఘము కావచ్చును. అడుగవలెను, వినవలెను. నాలుగవది, తెరచిన గాయమును తెరచినట్లే విడిచి పంపకుండుట.

ఈ నాలుగవ పాఠమును ఒగ్గు కథకునికంటె బాగుగా చెప్పగల గురువు అరుదని మా నమ్మకము. అతడు మొదట డోలుతో పందిరిలోని గుండెల నన్నిటిని ఒక లయకు తెచ్చును. పిదప దేవత కథ అను చుట్టుదారిని పట్టించి, శ్రోతకు తెలియకుండగనే వాని సొంత దుఃఖము వాకిట నిలుపును. తరువాత మరల కథలోనికి తెచ్చి, హారతి పట్టి, అన్నము దగ్గరకు పంపును. కథకుని శిష్యుడు మొదట తాళము పట్టి, వంత పాడి, ఏండ్ల తరబడి పక్కన నిలిచి ఈ ఎత్తుగడను గ్రహించును. ఏ చోట ఆగవలెనో, ఎవరిని ఎప్పుడు పిలువవలెనో, ఎప్పుడు డోలు మరల ఎత్తవలెనో అది పాఠ్యగ్రంథమునకు లొంగు విద్య కాదు.

నేడు బొంబాయి, పుణె, బెంగుళూరు, చెన్నై నగరములలో కళాచికిత్సను బోధించు తరగతులు కలవు. ఆ బోధన ఎక్కువగా ఆంగ్లములో సాగును. అందు శిక్షణ పొందిన యువతి ఒకనాడు కోరుట్లకు వచ్చి బీడీలు చేయు స్త్రీల నడుమ కూర్చుండినదనుకొందము. "రంది" అను మాట ఆమెకు తెలియనిచో, "బుగులు" అన్నప్పుడు అది ఎట్టి భయమో పోల్చుకొనలేనిచో, ఆమె రంగులపెట్టె మూతబడియే యుండును. అట్లే, డోలు పట్టిన కళాకారునికి ఆసుపత్రి దారి తెలియనిచో, పందిరిలో ఏడ్చినవారిలో ఎవరి ఏడ్పు ఆగుటలేదో గుర్తించియు ఏమి చేయవలెనో తోచదు. ఒకరికి భాష కావలెను. మరియొకరికి వైద్యుని తోడు కావలెను. వీరిద్దరును ఎదురెదురుగా కూర్చుండి ఒకరివద్ద ఒకరు నేర్చుకొనుట తక్షణము జరుగవలసిన పని. కథకులు ఒక్కొక్కరే కాలధర్మము నొందుచున్నారు. వారి వెంట పోవునది పాట మాత్రమే కాదు. నోరు పెగలనివానిని పలికించు ఒడుపు కూడ.

సిరిసిల్లలో మగ్గము ఆడించువాడు పోగు తెగినప్పుడు మగ్గము నాపి, రెండు కొసలను వ్రేళ్ళతో పట్టి ముడివేసి మరల నడుపును. కొస దొరకుటలోనే నేర్పున్నది. మనుష్యుని లోపల తెగిన పోగుకు కొస వెదకుట కూడ అట్టి నేర్పే. ఈసారి మీ ఊరిలో దినకర్మ పందిరిక్రింద డోలు వినబడినప్పుడు, పాటను వినుడు. పాటతో పాటు, ఎవరు ఏడ్వలేదో కూడ ఒక్కసారి చూడుడు. వారి ప్రక్కన పోయి కూర్చుండుడు.