మా యూరి మహాక్రీడాంగణము

మా ఆన్ ఆర్బర్ పట్టణమున, మెయిన్ స్ట్రీటును స్టేడియం బులెవార్డును కలియుచోట, మిషిగన్ విశ్వవిద్యాలయమువారి ఫుట్‌బాల్ క్రీడాంగణము కలదు. 2010లో ఇరుప్రక్కల ఉన్నతసౌధములు వెలయుటకు పూర్వము, వీథిని పోవువారికి దీని పరిమాణము బోధపడెడిది కాదు. ఏలయన ఇందు అధికభాగము నేలలోనికి త్రవ్వబడినదే. ద్వారము దాటి, మన దేవాలయముల కోనేటిమెట్లవలె నలుదెసలనుండి దిగుచున్న ఆసనపంక్తులను కాంచినవారు కొంతసేపు మాటాడలేరు. 1,07,601 మందికి ఇచట చోటు గలదు. 2020 జనాభా లెక్కలలో మా యూరి ప్రజలే 1,23,851 మంది.

దీనిని కట్టించినవాడు ఫీల్డింగ్ యోస్ట్. 1901లో శిక్షకుడుగా వచ్చి, పిమ్మట క్రీడాశాఖాధిపతియైన ఆయన, పాత ఫెర్రీ ఫీల్డు జనసమ్మర్దమునకు చాలకుండుట గని, యేల్ బౌల్ నిర్మాణము నాదర్శముగా గైకొని, ప్రజలకు 500 డాలర్ల బాండ్లు విక్రయించి ధనము సమకూర్చెను. ఆ నేల నీటియూటలకు నెలవు. ఒక క్రేను బురదలో క్రుంగి నేటికిని అడుగుననే యున్నదని ఊరివారు చెప్పుకొందురు. రాబోవు కాలమున లక్షకు మించిన జనము వత్తురని తలంచి, అందుకు తగిన పునాదులను ఆనాడే వేయించిన ఆయన దూరదృష్టి మిక్కిలి ప్రశంసనీయము. 1927 అక్టోబరు 1న తొలిపోటీ జరిగెను. అదే నెల 22న, 84,401 మంది చూచుచుండగా, ఒహాయో స్టేట్ జట్టును 21-0తో నోడించి ప్రతిష్ఠోత్సవము గావించుకొనిరి.

ఇంతటి ఘనచరిత్రలో నా మనస్సును విడువనిది మాత్రము 1934 అక్టోబరు 20వ తేది. నలువది సంవత్సరముల అనంతరము మిషిగన్ ఫుట్‌బాల్ జట్టున స్థానము వడసిన తొలి నల్లజాతి యువకుడు విల్లిస్ వార్డ్, పరుగుపందెములలోను మేటి. ఆనాడు అతిథులుగా వచ్చిన జార్జియా టెక్ వారు, వార్డు బరిలో నున్నచో తా మాడజాలమనిరి. విద్యార్థులును, కొందరధ్యాపకులును ఆక్షేపించినను, యోస్ట్ ఏలుబడిలోని క్రీడాశాఖ ఆ షరతునకు తలయొగ్గెను. బదులుగా జార్జియా టెక్ వారు తమ ఆటగా నొకనిని ప్రక్కన నుంచిరి. నేరమెరుగని యువకుని మానమునకు మరియొక ఆటగాని వెలగట్టిన ఆ ఒడంబడికను ఏ కాలధర్మమును నిర్దోషముగా చూపజాలదు. పరయూళ్ళలో వార్డుతో నొకే గదిలో బసచేసిన సహచరుడు జెరాల్డ్ ఫోర్డ్ తానును ఆట మానుకొనదలచెను. కాని జట్టుకొరకు ఆడుమని వార్డే ఆయనకు చెప్పెను. మిషిగన్ 9-2తో గెలిచెను. ఆ యేటి ఎనిమిది పోటీలలో అదొక్కటే విజయము.

వార్డు పిమ్మట న్యాయవాదియై, న్యాయమూర్తి పదవి నలంకరించెను. ఫోర్డు దేశాధ్యక్షుడయ్యెను. మా విశ్వవిద్యాలయపు ప్రవేశవిధానము జాతివిషయమున వివాదగ్రస్తమై న్యాయస్థానముల కెక్కియున్న 1999లో, ఎనుబదియారేండ్ల ఆ వృద్ధుడు దానిని సమర్థించుచు న్యూయార్క్ టైమ్స్ పత్రికకు వ్యాసము వ్రాసి, అందు వార్డునకు జరిగిన అన్యాయమును పేరుపెట్టి చెప్పెను.