పాతబస్తీలో క్రీడారుతువు: సిటీ కళాశాల తొలి దశాబ్ది

పాతబస్తీకి ఆటలు కొత్త కావు. ఆటకు ఒక నియతమైన రుతువు ఉండడం మాత్రం ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో విద్యాసంస్థల ద్వారా వచ్చిన మార్పు. నిజాం రాజ్యంలోని ఆధునిక విద్య గురించి చర్చించేటప్పుడు బోధనభాషకు, పాఠ్యాంశాలకు దక్కిన ప్రాధాన్యం క్రీడలకు దక్కలేదు. సిటీ కళాశాల ఆధారంగా ఆ మార్పు స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

తాలీం – మైదానం

అరబ్బీ మూలమైన ‘తాలీం’ అనే మాటకు ఉర్దూలో విద్య అని అర్థం. దక్కనులో అదే మాట కుస్తీ నేర్పే చోటుకూ పేరైంది. తెలుగులో అది ‘తాలింఖానా’గా స్థిరపడింది. ఉస్తాదు, శిష్యుడు, గోదా – ఇవి దాని ప్రధానాంగాలు. అక్కడ సాధన ఏడాది పొడవునా సాగేది. శిష్యుడు చేరిన రోజే అతనికి ఆరంభదినం. కళాశాల క్రీడ ఇందుకు భిన్నమైనది. ప్రవేశాలు పూర్తయ్యాక జట్టు ఏర్పడాలి; పరీక్షలు సమీపించేలోగా పోటీలు ముగియాలి. ఈ విధంగా దేహసాధన విద్యాసంవత్సరానికి లోబడింది.

ముప్పై మంది విద్యార్థులు

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద తరువాత నదీతీరం కొత్త రూపు దిద్దుకుంది. దక్షిణ తీరాన హైకోర్టుకు సమీపంలో విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన భవనంలోకి 1921లో సిటీ ఉన్నత పాఠశాల చేరింది. అదే సంవత్సరం ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా 30 మందితో ఇంటర్మీడియెట్ తరగతులు మొదలయ్యాయి. 1929లో అది కళాశాల స్థాయికి ఎదిగింది.

ఈ 30 అనే సంఖ్య గమనింపదగినది. ఫుట్‌బాల్ సాధనలో రెండు జట్లు ఎదురెదురుగా నిలవాలంటే 22 మంది కావాలి. ఇంత చిన్న తరగతికి స్వయంగా రెండు జట్లను సమకూర్చుకోవడం సులభం కాదు. సిటీ కళాశాల పూర్వవిద్యార్థులు, ప్రస్తుత విద్యార్థులు కలిసి ఆడిన ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టును ఈ దృష్టితో చూడాలి. చదువు ముగిసినా జట్టుతో అనుబంధం కొనసాగేది. ఏటా కొత్త విద్యార్థులతో మొదలయ్యే కళాశాల రుతువుకూ నగర క్రీడాజీవితానికీ ఇటువంటి జట్టు వారధి అయింది.

రెండు పంచాంగాలు

బొంబాయి, కలకత్తాలలో ఫుట్‌బాల్ వానకాలపు ఆట, క్రికెట్ శీతాకాలపు ఆట. మోహన్ బగాన్ 1911లో ఐఎఫ్ఎ షీల్డును గెలిచింది జులై 29న, నిండు వానల్లో. ఉస్మానియాలో తొలి తరగతులు 1919 ఆగస్టు 28న మొదలయ్యాయి, అదీ వానకాలమే.

అయితే పాతబస్తీ జనజీవితం వానలతోపాటు చాంద్రమాసాలనూ అనుసరించేది. చాంద్రసంవత్సరం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 1921లో మొహర్రం మాసం సెప్టెంబరు తొలివారంలో మొదలైంది. 1929 నాటికి జూన్‌కు వచ్చింది. అంటే సిటీ కళాశాల తొలి దశాబ్దిలో ఏటా మొహర్రం వానకాలంలోనే పడింది. హిందువులు కూడా పాల్గొనే ఈ పీర్ల పండుగ రోజుల్లో ఆ వీథులు ఊరేగింపులవి. వారాంతపు సెలవు కూడా నిజాం రాజ్యంలో శుక్రవారమే. అందువల్ల ఇక్కడి క్రీడారుతువు ఆరంభాన్ని నిర్ణయించేటప్పుడు కళాశాల కాలపట్టికను ఒక్కదాన్నే ప్రమాణంగా తీసుకోవడం చాలదు.

ముగింపు

ఎలెవెన్ హంటర్స్‌లో ఆడినవారిలో సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఒకరు. ఉస్మానియాలో చదివి, విశ్వవిద్యాలయ జట్టులోనూ ఆడి, ఆయన బడిపంతులుగా పనిచేశారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రను ఈ విజయాలతో మొదలుపెడితే దాని విద్యామూలాలు మరుగున పడతాయి. తాలీంలోని ఉస్తాదు స్థానం మైదానంలో ఉపాధ్యాయునికి దక్కిందని రహీం జీవితం సూచిస్తుంది. ‘తాలీం’ అనే మాటలోని రెండర్థాలూ ఆయనలో ఒక్కటయ్యాయి.