నల్లగొండ బావులు: ఒక గ్రామాభివృద్ధి కథ

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమలో ఊరి సంగతి తెలియవలెనన్న ముందుగా బావి సంగతి తెలియవలెను. కృష్ణానది ఈ సీమకు దక్షిణపు అంచున పారుచున్నను, ఎత్తైన ఈ రాతినేలకు ఆ నీరు చాలకాలము అందలేదు. పంటకు చెరువు, దప్పికకు బావి, ఇంతే ఇక్కడి ఆధారము.

1952 అక్టోబరు 2న భారతదేశములో 55 క్షేత్రములలో సమాజ వికాస పథకము ప్రారంభమైనది. 1948లో ఇటావా జిల్లాలో జరిగిన ప్రయోగము దీనికి దారి చూపినది. గ్రామసేవకుడు ఊరూర తిరిగి మేలురకపు విత్తనములను, ఎరువుగుంటలను గూర్చి చెప్పవలెను. రోడ్డు, బడి, బావి మున్నగు పనులకు ప్రజలు శ్రమదానము చేయవలెను. ఉద్దేశము మంచిదే. కాని ప్రజలు ఆ పనులను తమవిగా భావించుట లేదని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము గుర్తించి, ఎన్నికైన సంస్థలకు బాధ్యత అప్పగింపుమన్నది. ఆ ప్రకారము 1959 అక్టోబరులో, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితుల వ్యవస్థకు ప్రారంభోత్సవము చేసినారు. ఊరి మంచినీటి బావి కూడ సమితి పనులలో ఒకటైనది.

మంచి బావి యనగా నేమి? వెనుక దిగుడు బావులుండెడివి. నారికురుపు ఉన్న మనిషి నీటిలో కాలు పెట్టినంతనే పురుగు పిల్లలు నీటిలో కలియును. సైక్లాప్స్ అను నలుసంత జీవి వాటిని మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి ఏడాదికి నారికురుపు లేచును. మెట్లు మూసి, చుట్టు గోడ కట్టి, గిలక పెట్టినచో ఈ చక్రము తెగిపోవును. ఇటువంటి బావులు, నీటి వడకట్టు, చేతిపంపులు కలిసి పనిచేసినందున 1996తో మన దేశములో ఈ వ్యాధి అంతరించినది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ధ్రువీకరించినది.

అయితే గోడకు లొంగని శత్రువు మరియొకటి నల్లగొండ నీటిలోనే ఉన్నది. అది ఫ్లోరైడు. నీరు తేటగా, చల్లగా ఉండును. రుచిలోను తేడా తెలియదు. పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలు, పెద్దల మెడ, నడుము బిగుసుకొనుట దాని గుర్తులు. 1937లో నెల్లూరు జిల్లాలో షార్ట్ మొదలగు వైద్యులు ఈ వ్యాధిని వర్ణించినారు. నల్లగొండ జిల్లా రోగులను గూర్చి సిద్దీఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ వైద్య పత్రికలో వెలువడినది. సమాజ వికాసము పేర కొత్త బావులు త్రవ్వుచున్న కాలమే అది!

ఇక్కడి గ్రానైటు శిలలో ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. నీటిలో కాల్షియము ఎక్కువగా ఉన్నచో ఫ్లోరైడు దానితో కూడి అడుగున చేరును. బైకార్బనేటు మెండుగా, కాల్షియము కొద్దిగా ఉన్న నీటిలో అది కరిగియే ఉండిపోవును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని నియమము.

1970ల దశకములో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ ఒక ఉపాయము కనిపెట్టినది. నీటిలో సున్నము, బ్లీచింగ్ పౌడరు, పటిక వేసి, ముందు వేగముగా, పిదప మెల్లగా కలిపి ఒక గంట కదల్చక ఉంచవలెను. పటిక వలన ఏర్పడు అల్యూమినియము హైడ్రాక్సైడు తునకలు ఫ్లోరైడును పట్టుకొని క్రిందికి దిగును. అడుగునుండి కొంచెము పైగా కుళాయి అమర్చిన బక్కెట్టు ఉన్నచో ఇంటిలోనే చేసికొనవచ్చును. ‘నల్లగొండ పద్ధతి’ అను పేరుతో ఇది టాంజానియా, ఇథియోపియాల వరకు వెళ్లినది.

పుట్టినచోట మాత్రము అది నిలదొక్కుకొనలేదు. పటిక మోతాదు బావి బావికి వేరు. నీటిలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి నిర్ణయింపవలెను. దినదినము కలుపువారెవరు? మడ్డిని ఎక్కడ పారబోయుట? మోతాదు తప్పినచో అల్యూమినియము నీటిలో మిగిలిపోవును గదా! రసాయనశాస్త్రము లెక్క సరిగానే వేసినది; పొద్దుపొడుపునుండి పొలములో ఉండు ఇల్లాలి తీరికను లెక్కలో చేర్చలేదు. సమాజ వికాసములో మెహతా సంఘము చూపిన లోపము ఇక్కడను కనబడుచున్నది.

చివరకు బావినీటిని శుద్ధిచేయుటకు బదులు నదినీటిని తెచ్చు మార్గమే బలపడినది. 2015లో నాటి నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లో ఆవిష్కరించిన స్తూపముతో, తరువాత మిషన్ భగీరథ అని పేరుపొందిన పథకము మొదలైనది. గొట్టములలో కృష్ణ నీరు పల్లెలకు చేరినది. దీనివలన పెరుగుచున్న పిల్లల ఎముకలు కాపాడబడును. ఇదివరకే బిగుసుకొనిన వెన్నెముక మాత్రము సడలదు. ఇంటిలో నదినీరు త్రాగి, పొలములో దప్పికైనపుడు ఫ్లోరైడు గల బోరు నీటినే త్రాగినచో ఆ రక్షణ కూడ అంతమేరకు తగ్గును.