ఐర్లండులో జూదం: చిక్కినవారు, బయటపడినవారు

సప్తవ్యసనాలలో జూదాన్ని మన పెద్దలు ఎందుకు చేర్చారో భారతం విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. ధర్మరాజంతటివాడు రాజ్యాన్ని, తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని ఒడ్డాడు. మన మారిషస్‌లో ఈ వ్యసనం మనకంటే ముందే వచ్చి కూర్చున్నది. పోర్ట్ లూయిస్‌లోని షాం ద మార్స్ మైదానంలో గుర్రపు పందేలు 1812లో మొదలైనవి. కోరంగి రేవు నుండి మన పూర్వులు కూలికి ఓడ ఎక్కింది ఆ తరువాతనే. పందెం గురించి మనకు తెలియనిది లేదు. అందులో చిక్కినవాడు బయటపడే దారి గురించి మాత్రం మన సభలలో మాట తక్కువ. అందుకే ఐర్లండు చరిత్రలో ఈ అధ్యాయం మనం తెలుసుకోదగినది. అది కూడా మన దీవిలాగే ఆంగ్లేయుల పాలన చూచిన ద్వీపం. పొట్టకూటికి లక్షలాది బిడ్డలను సముద్రం దాటించిన ద్వీపం.

1922లో సొంత ప్రభుత్వం ఏర్పడింది. నాలుగేండ్లు తిరగకుండానే, 1926లో, పందెపు దుకాణాలకు చట్టం అనుమతి ఇచ్చింది. దొంగచాటు పందేలు ఎలాగూ ఆగడం లేదు, పన్నయినా వస్తుందని పాలకుల లెక్క. బ్రిటనులో అటువంటి దుకాణాలు 1961లో గాని తెరుచుకోలేదు. 1931లో ఇంకొక చట్టం చేసి, జనం గుమిగూడేటట్లు దుకాణంలో ఏ ఆకర్షణా పెట్టరాదన్నారు. అంతకుముందు ఏడే, 1930లో, ఆసుపత్రుల సహాయార్థమని పెద్ద లాటరీ ప్రారంభమై, దేశదేశాల్లో టికెట్లు అమ్ముకొని, 1987 వరకు నడిచింది. రోగుల పేరు చెప్పి పందెం ఆడించడం ధర్మమా అన్న ప్రశ్న ఉండనే ఉంది. ఆసుపత్రులు కట్టిన మాటా నిజమే.

దుకాణాన్ని చూచి చేసిన చట్టం చేతిలోని ఫోనును పట్టుకోలేకపోయింది. దూరం నుండి పందేలు కాసే కంపెనీలు ఐర్లండు లైసెన్సు కిందికి వచ్చింది 2015 చట్టంతోనే. ఈలోగా వెక్స్‌ఫర్డ్ జిల్లా గోరీ పట్టణంలో పోస్టాఫీసు మేనేజరు టోనీ ఒరైలీ కథ జరిగిపోయింది. 1998 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల నాటి చిన్న పందెంతో మొదలైనవాడు, 2011లో పట్టుబడేనాటికి ఆఫీసు సొమ్ము పదిహేడు లక్షల యూరోలకు పైగా వాడుకున్నాడు. జైలుకు వెళ్లాడు. బయటికి వచ్చాక వ్యసనపరులకు సలహాదారుగా శిక్షణ పొంది, తన కథను 2018లో పుస్తకంగా వెలువరించాడు.

ఇంకొకరు ఓషీన్ మెకాన్‌విల్. ద్వీపపు ఉత్తర భాగంలోని ఆర్మా జిల్లా జట్టు 2002లో మొదటిసారి అఖిల ఐర్లండు గేలిక్ ఫుట్‌బాల్ కప్పు గెలిచినప్పుడు, మొదటి సగంలో పెనాల్టీ తప్పి, రెండవ సగంలో గోలు కొట్టింది ఇతడే. ఊరంతా భుజాలకెత్తుకున్న ఆ మనిషి లోలోపల జూదంలో మునిగి ఉన్నాడు. తాగినవాడిని వాసన పట్టిస్తుంది, తూలే నడక పట్టిస్తుంది. జూదగాడికి ఆ గుర్తులు లేవు. 2005లో అతడు 'కూన్ విరా' అనే ఆశ్రయంలో చేరాడు. ఆ మాటకు ఐరిష్ భాషలో 'మేరీమాత రేవు' అని అర్థం. 1966లో ఆథీ పట్టణంలోని కాన్వెంటు పాత పాలశాలలో, సిస్టర్ కన్సీలియో అనే సన్యాసిని తాగుబోతుల కోసం ప్రారంభించిన సంస్థ అది. తరువాత జూదగాళ్లకూ తలుపు తెరిచింది. మెకాన్‌విల్ కూడా కోలుకొని, ఇతరులకు సలహాదారు అయ్యాడు.

ఆశ్రయం వదలి ఇంటికి వచ్చిన తరువాత? అసలు కష్టం అప్పుడే. 1957లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో మొదలైన 'గాంబ్లర్స్ అనానిమస్' సంఘం శాఖలు ఐర్లండులోనూ ఉన్నాయి. చందా లేదు, ఇంటిపేరు అడగరు. ఒకరి తరువాత ఒకరు తమ కథ చెబుతారు. ఈ ఒక్కరోజు ఆడను అనుకొని వెళ్తారు. జీతం, బ్యాంకు ఖాతా ఇంట్లో నమ్మకమైనవారి చేతికి అప్పగించమని కొత్తవానికి సలహా ఇస్తారు. ఇంటివారికి వేరే సంఘం ఉంది. అప్పులవాళ్లకు ముఖం చాటేసిన మనిషి, తన మొత్తం బాకీ ఎంతో ఆలితో చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. పరువు పోతుందని మనం కప్పిపెట్టేది సరిగ్గా ఆ అంకెనే కదా!

కప్పిపెట్టడం అక్కడా ఉంది. ఇంటికి వెళ్లి ముఖాముఖి అడిగిన పాత సర్వేలో సమస్యలో ఉన్నవారు చాలా తక్కువని తేలింది. 2023లో అక్కడి ఆర్థిక సామాజిక పరిశోధన సంస్థ పేరు తెలియకుండా జవాబు ఇచ్చే ఏర్పాటు చేసింది. అప్పుడు వయోజనులలో 30 మందికి ఒకరు, సుమారు 1,30,000 మంది అని లెక్క వచ్చింది. పాత లెక్కకు ఇది పది రెట్లు!

2024 అక్టోబరులో కొత్త చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశాడు. 2025 మార్చి 5న నియంత్రణ సంస్థ ఏర్పడింది. ఉదయం 5.30 నుండి రాత్రి 9 వరకు టీవీ, రేడియోలలో జూదపు ప్రకటనలు కూడవనీ, క్రెడిట్ కార్డుతో పందెం తీసుకోరాదనీ, చికిత్స నిధికి కంపెనీలే డబ్బు కట్టాలనీ అందులో నిబంధనలు ఉన్నాయి. వాటిని దశలవారీగా అమలులోకి తేవాలన్నది ఏర్పాటు. మరొకటి కూడా ఉంది: జూదగాడు తన పేరు తానే రాయించుకునే జాతీయ పట్టిక. అందులో పేరున్న మనిషి నుండి లైసెన్సున్న కంపెనీ ఏదీ ఇంటర్నెట్టు పందెం తీసుకోరాదు.