బందరు రేవు ఉక్కు, దివిసీమ కత్తి

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నాకు ముందుగా గుర్తుకు వచ్చినది మా పెరటి వసారాలో చూరు క్రింద దోపి ఉండే కత్తి. రాజుల గురించి, శాసనాల గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. కత్తికి మాత్రం ఎవరూ లేరు. అందుచేత ఆ పని నేను పెట్టుకున్నాను.

మడత చాకు సంగతి కాదు నేను చెప్పేది. కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, తోకను కొయ్య పిడిలోకి దింపి, పైన పొన్ను వేసిన కత్తి. కొబ్బరిబోండం చెక్కడానికి, తాటిమట్ట నరకడానికి, వెదురు చీల్చడానికి, పొలం గట్టున తుమ్మకంప కొట్టడానికి అన్నింటికీ ఒకటే. మన వైపు మచ్చుకత్తి అంటారు.

చిత్రమేమంటే మన డెల్టాలో ఇనుము పుట్టదు. ఎంత లోతు తవ్వినా నల్లరేగడి, ఒండ్రు, ఇసుక తప్ప రాయి తగలదు. ముడిఇనుము, దానిని కరిగించే బొగ్గు ఉన్నది ఎగువన, ఖమ్మం, నిజామాబాదు అడవి ప్రాంతాలలో. అయినా ఇనుము, ఉక్కు సముద్రం మీదకు ఎక్కినది మన బందరు రేవులోనే. గోల్కొండ సుల్తానులకు ముఖ్యమైన రేవు ఇదే గదా. డచ్చివారు ముందు వచ్చారు, ఇంగ్లీషువారు 1611లో వర్తకస్థానం పెట్టారు. కలంకారీ బట్టల ప్రఖ్యాతిలో పడి ఈ ఇనుము సంగతి మనం మరచిపోయాము. 17వ శతాబ్దంలో డచ్చివారికి నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలో కూడా స్థావరం ఉండేది. గోదావరి ప్రాంతపు ఇనుముతో వారు మేకులు, ఫిరంగి గుండ్లు చేయించుకునేవారు. ఇక్కడ నవ్వు వచ్చే విషయం ఒకటి ఉంది. బందరు పేరుతోనే ప్రసిద్ధి చెందిన మసూలా పడవకు ఒక్క మేకు కూడా ఉండదు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టేవారు. మేకులన్నీ పరాయి ఓడలకే!

నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఉక్కు చేసే విధానాన్ని వాయిసీ అనే దొర చూసి వ్రాసినది 1832లో అచ్చయింది. ఇనుప ముక్కలను మట్టిమూసలలో పెట్టి, మూతి మెత్తి, చాలా గంటలు కాల్చి, మెల్లగా చల్లారనిచ్చేవారట. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నడిచి వచ్చేవారు. బొంబాయి నుండి డాక్టరు స్కాట్ పంపిన అటువంటి ఉక్కు ముక్కలను పరీక్షించి 1795లో లండను రాయల్ సొసైటీలో పియర్సన్ వ్యాసం చదివాడు. అందులో దాని పేరు ‘వూట్జ్’. మన ‘ఉక్కు’ అన్న మాటే అలా మారిందని పండితులు చెబుతారు. స్టోడార్ట్ అనే లండను కత్తుల పనివాడు ఆ ఉక్కుతో వైద్యుల కత్తులు, మంగలి కత్తులు చేసి అమ్మాడు. మైకేల్ ఫారడేతో కలిసి 1820 ప్రాంతాన పరిశోధనలు కూడా చేశాడు. ఆ శతాబ్దంలోనే సీమ ఇనుము చవకగా దిగి, మన మూసలు చల్లారిపోయాయి. ఊరి కమ్మరి మాత్రం పోలేదు. సీమ కమ్మీ, తరువాత రైలుపట్టా ముక్క, ఆపైన లారీ కమాను పట్టీ దొరికితే దానితోనే కత్తి దించాడు.

1977 నవంబరు 19 మన జిల్లాలో ఎవరూ మరువలేరు. దివిసీమ మీద ఉప్పెన పడి, ప్రభుత్వ లెక్కలోనే సుమారు పదివేలమంది పోయారు. నేను అప్పుడు కొత్తగా చేరిన గుమాస్తాను, సహాయ కార్యక్రమాలకు అవనిగడ్డ వైపు వేశారు. దారులన్నీ పడిన తుమ్మచెట్లతో, ఇళ్ళ పైకప్పులతో మూసుకుపోయాయి. క్రింద ఎవరున్నారో తెలియదు, గొడ్డలి గట్టిగా వేయడానికి భయం. ఎక్కడి నుంచో మోపుగా కత్తులు వచ్చాయి, పేరు ఎందుకు లెండి, తళతళ మెరిసేవే. రెండు దెబ్బలకు వాదర మడిచిపోయింది. ఒకదాని పిడి ఊడి కూలివాని మోకాలికి తగిలింది.

ఆ ఊళ్ళో ఒక కమ్మరి ఆచారిగారు మిగిలారు. ఇల్లు, కొలిమి, తిత్తి అన్నీ పోయాయి. ఇంట్లోవాళ్ళ మాట నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దాగలి మాత్రం బరువుకు కదలక బురదలోనే దిగబడి ఉంది. నలుగురం త్రవ్వి తీశాము. తడిసిన బొగ్గు ఎండబెట్టి, ఎవరిదో విరిగిన లారీ కమాను పట్టీతో మూడో నాటికి కత్తి చేశారు. కణకణలాడే ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచి, సానమీద కొంచెం తోమి, మళ్ళీ సెగకు చూపించారు. ముందు ఎండుగడ్డి రంగు, ఆ తరువాత వంకాయ రంగు ప్రాకింది. “ఇక్కడ ఆగాలి బాబూ. గడ్డి రంగు దగ్గర ఆపితే కంపకు పెచ్చులూడుతుంది. దాటనిస్తే మెత్తబడుతుంది” అన్నారు. దానినే పాయనం పెట్టడం అంటారు. ఆ కత్తితో మేము తొమ్మిది రోజులు పని చేశాము.

ఆయన చెప్పినదీ, తరువాత నేను గుడివాడ, బందరు సంతలలో కొని నేర్చుకున్నదీ కలిపి చెబుతాను. మెరుపు చూసి కొనకండి. వీపు మందంగా ఉండి వాదర వైపు క్రమంగా పలుచబడాలి. పిడి దగ్గర వ్రేలి మీద నిలిపితే బరువు ముందుకు వాలాలి, అయితే మన వయసువారికి మరీ ముందుకు వాలితే మణికట్టు నొప్పి. వీపును రాతి మీద మెల్లగా తట్టండి, ఖంగుమనాలి. బొద్దుగా మోగితే లోపల బీట ఉందేమో. వాదర మీద ఆకురాయి జర్రున జారితే గట్టిది, కొరికి పట్టుకుంటే మెత్తది. పిడికి నల్లతుమ్మ కొయ్య మంచిది. తోక పిడిలో ఎంత లోతు దిగిందో అడగండి, వెనుక చివర బయటకు వచ్చి మడిచి ఉంటే మరీ మంచిది. మోకాలి దెబ్బ చూసినవాణ్ణి కనుక ఇది మొదట చూస్తాను.

వాడేటప్పుడు కొమ్మను అడ్డంగా కాక ఏటవాలుగా కొట్టాలి. దెబ్బ తప్పితే కత్తి ఎక్కడికి పోతుందో ముందే చూసుకుని, కాలు అక్కడ లేకుండా నిలబడాలి. దానితో మూతలు ఎత్తవద్దు, మేకులు పీకవద్దు. బందరు ఉప్పుగాలికి రాత్రికి రాత్రే తుప్పు లేస్తుంది. తుడిచి కొబ్బరినూనె రాయాలి. ఒక ముఖ్యమైన హెచ్చరిక: నాగాయలంక, కోడూరు వైపు విహారానికి వెళితే మడచెట్ల మీద కత్తి పెట్టకండి. కృష్ణా అభయారణ్యం 1989 నుండి రక్షిత ప్రాంతం. ఉప్పెన వస్తే కాస్త అడ్డుపడేది ఆ మడ అడవే.

అవనిగడ్డ నుండి వచ్చేటప్పుడు ఆచారిగారు ఆ కత్తిని నాకే ఇచ్చారు. పిడి మూడుసార్లు మార్పించాను, వాదర సానపట్టి పట్టి రెండు అంగుళాలు తరిగింది. మొన్న వేసవిలో మా మనవడు దానితో బోండాం కొట్టబోతుంటే, మోకాలు ప్రక్కకు జరపరా అని వసారాలోంచి కేక వేశాను.