ఆనందరాయర్

ఆనందరాయర్ (పూర్వనామం సుబ్బరాయర్) 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో విశాఖపట్నంలోని లండన్ మిషనరీ సొసైటీ కేంద్రంలో సువార్తల తెలుగు అనువాదానికి తోడ్పడిన పండితుడు. మరాఠా బ్రాహ్మణ కుటుంబానికి చెందిన ఈయన క్రైస్తవ మతాన్ని స్వీకరించాడు. పూర్వ జీవితపు పాపభారం నుండి విముక్తి అనే క్రైస్తవ భావనకు తెలుగునాట లభించే వృత్తాంతాలలో ఈయనది ఒకటి.

జీవితం

ఆనందరాయర్ టిప్పు సుల్తాను సైనిక పటాలంలో లెక్కలు వ్రాసేవాడు. 1799లో సుల్తాను మరణించిన తరువాత ఒక ఆంగ్ల అధికారి వద్ద అదే పని చేశాడు. శాశ్వతానందం పొందాలన్న కోరికతో ఉన్న ఈయనకు ఒక వృద్ధ బ్రాహ్మణుడు ఒక మంత్రాన్ని 4 లక్షల సార్లు జపించమని ఉపదేశించాడు. ఈయన ఒక దేవాలయంలో ఉండి చెప్పిన సంఖ్యను మించి జపించాడు. ఆరు నెలలు గడిచినా మనశ్శాంతి కలుగకపోవడంతో నొస్సంలోని ఇంటికి బయలుదేరాడు. దారిలో పరిచయమైన ఒక రోమన్ కథోలిక క్రైస్తవుడు ఇచ్చిన రెండు తెలుగు పుస్తకాలు ఈయన ఆలోచనను మార్చాయి.

(ఈ వృత్తాంతం మిషనరీల ద్వారా వెలువడినదని గుర్తుంచుకోవాలి. జపం వల్ల శాంతి పొందినవారి అనుభవానికి ఇందులో చోటు లేదు.)

కథోలిక గురువు ఈయనను వెంటనే నమ్మక, బంధువుల వద్దకు తిరిగి వెళ్ళమన్నాడు. బంధువులు పెద్ద మొత్తంలో ధనాన్ని, కుటుంబ ఆస్తిపై పెత్తనాన్ని ఇవ్వజూపినా ఈయన అంగీకరించలేదు. భార్య వెంట రాలేదు. గురువు ఇంకా సందేహించగా, జందెం అప్పగించి జుట్టు కత్తిరించుకుంటానన్నాడు. అలా చేస్తే తిరిగి కులంలో చేరే దారి ఉండదు. ఆ తరువాతనే బాప్తిస్మం జరిగింది, సుబ్బరాయర్ ఆనందరాయర్ అయ్యాడు. వెదకినది ఆనందం కనుక ఆ పేరు యాదృచ్ఛికం కాకపోవచ్చు. తరువాత పుదుచ్చేరికి వెళ్ళగా అక్కడ భార్య కలుసుకుంది. బంధువుల మధ్య ఆమె చాలా బాధలు పడిందని వృత్తాంతం చెబుతుంది. అక్కడినుండి ఈయన తరంగంబాడిలోని లూథరన్ మిషనరీల వద్దకు వెళ్ళాడు. వారు కూడా మొదట అనుమానించి, కొన్ని నెలల పరిచయం తరువాతే ప్రభుభోజనంలో చేర్చుకున్నారు.

గతపాపం, నూతన జీవితం

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయం ప్రకారం బాప్తిస్మం పొందినవాడు క్రీస్తుతో కూడ మరణించి, పాతిపెట్టబడి, కొత్త జీవితానికి లేస్తాడు. మరణించిన దాసుని మీద యజమానికి హక్కు లేనట్లే, అతనిపై పాపానికి అధికారం లేదు. ఇది మళ్ళీ పాపం చేయడానికి అనుమతి కాదని పౌలు అదే అధ్యాయంలో స్పష్టం చేశాడు. బాప్తిస్మం తరువాత చేసిన పాపాలకు కథోలికులు పాపసంకీర్తనాన్ని విధించారు. విశ్వాసి జీవితాంతం పాపిగానూ, క్షమింపబడినవాడుగానూ ఒకేసారి ఉంటాడన్నది లూథర్ బోధ.

సిద్ధాంతంలో గతం ఒక్క క్షణంలో తొలగిపోతుంది. సంఘం నమ్మకం మాత్రం అంత త్వరగా రాదని ఆనందరాయర్ జీవితం చూపుతుంది. ఉద్యోగం కోసమో ఆదరువు కోసమో మతం మారేవారున్నారన్న భయం ఆనాటి గురువులకు ఉండేది. ఈయన మద్రాసు, తంజావూరులలో ఉద్యోగం వద్దని, సంఘసేవనే కోరుకోవడంతో ఆ సందేహం తీరింది.

విశాఖపట్నంలో

జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. నౌకాశ్రయం (1933), ఉక్కు కర్మాగారం రావడానికి చాలా ముందు అది ఒక చిన్న తీరపట్టణం. తరంగంబాడిలోనే తమిళం నుండి తెలుగులోకి అనువాదాలు ప్రారంభించిన ఆనందరాయర్ వీరి వద్ద సహాయకునిగా చేరాడు. క్రాన్ 1809లోనూ, డెస్ గ్రాంజెస్ 1810లోనూ మరణించారు. వీరి శ్రమ ఫలితమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి.

రోమీయులకు వ్రాసిన పత్రిక వీటిలో లేదు. ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. అయితే తప్పిపోయిన కుమారుని ఉపమానం లూకా 15వ అధ్యాయంలో ఉంది. అందులోని తండ్రి, తిరిగివచ్చిన కుమారునికి ఏ పరీక్షా పెట్టక, దూరాన ఉండగానే చూసి పరుగెత్తి వెళ్ళి కౌగిలించుకుంటాడు.